వాగ్దాన కార్డు తిప్పి చూసిన తరువాత: బైబిలును చదివి, ధ్యానించే పద్ధతి

డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిసే వేళకు మన సంఘాల్లో చాలాచోట్ల ఒక పళ్ళెం తిరుగుతుంది. అందులో ఒక్కో బైబిలు వచనం రాసిన వాగ్దాన కార్డులు బోర్లించి ఉంటాయి. కళ్ళు మూసుకుని ఒకటి తీసుకుంటాం, తిప్పి చూస్తాం, ఇంటికి తెచ్చి బీరువా అద్దానికో వంటింటి గోడకో అతికిస్తాం. ఒక ఏడాది మా ఇంటికి యిర్మీయా 29:11 వచ్చింది. "నేను మిమ్మును గూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును, రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా అవి సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." మార్చి నాటికి దాని మీద పోపు చుక్కలు పడ్డాయి. డిసెంబరు వచ్చినా ఆ మాట ఎవరు ఎవరికి ఏ కష్టంలో చెప్పారో నాకు తెలియలేదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గనిపించేది ఆ రెండో సంగతికే.

నేను వేదాంత పండితుణ్ణి కాను. సంఘంలో పెద్దల బైబిలు తరగతి నడిపే మామూలు విశ్వాసిని. కిందటి పదిహేనేళ్ళలో నేను తప్పులు చేస్తూ నేర్చుకున్న పద్ధతి ఇది. తక్కువ చదవాలి, చదివిన దానితో ఎక్కువ రోజులు ఉండాలి. వివరమంతా ఆ 'ఉండడం' ఎలాగో చెప్పడంలోనే ఉంది.

ముందుగా సామగ్రి

తెలుగులో ఎక్కువమంది చేతుల్లో ఉన్నది బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా ప్రచురించే పాత అనువాదం, 'పరిశుద్ధ గ్రంథము'. దాని భాష గ్రాంథికం. పిల్లలకు అర్థం కాదని దాన్ని పక్కన పెట్టేవారున్నారు. నేను పెట్టమనను. ఆ భాష చదివేవాణ్ణి పరుగెత్తనివ్వదు, అది మొదటి లాభం. రెండోది వ్యాకరణానికి సంబంధించింది. పాత అనువాదంలో గౌరవ బహువచనం లేదు. దేవుణ్ణి కూడా 'నీవు' అనే అంటుంది. కాబట్టి అందులో 'మీరు' కనబడితే నిజంగా ఒకరికంటే ఎక్కువమంది ఉన్నారన్నమాట.

లూకా 22:31, 32 చూడండి. ప్రభువు పేతురుతో మాట్లాడుతున్నాడు. సాతాను "మిమ్మును" గోధుమలవలె జల్లించడానికి కోరుకున్నాడు, కాని నేను "నీకొరకు" వేడుకొన్నాను అంటాడు. జల్లెడ పన్నెండుమందికీ, ప్రార్థన పేరుపెట్టి ఒక్కడికి. నేటి ఇంగ్లీషు బైబిళ్ళు చాలావాటిలో రెండుచోట్లా 'you' అనే ఉంటుంది, వివరణ ఇస్తే తప్ప ఈ తేడా తెలియదు. మనకు ఊరికే దొరుకుతోంది.

దీని పక్కన వాడుక భాషలో ఉన్న అనువాదం ఒకటి పెట్టుకోండి. రెండూ ఎక్కడ వేరుగా చెబుతున్నాయో అక్కడ పెన్సిలుతో చిన్న గీత గీయండి. ఆ గీత దగ్గర తవ్వాల్సింది ఏదో ఉంటుంది. మీది 66 పుస్తకాల బైబిలైనా, కతోలికులు చదివే 73 పుస్తకాల బైబిలైనా పద్ధతి ఒకటే.

వంద పేజీల నోటు పుస్తకం, ఒక పెన్ను కావాలి. ఫోనులో బైబిలు చదివేవారు ఉంటే అభ్యంతరం లేదు, కాని ముందు ఇంటర్నెట్ ఆపేయండి. వాక్యం మధ్యలో పెళ్ళి ఫోటోలు వస్తే ఎవరి మనసైనా పెళ్ళికే పోతుంది.

సమయం గురించి ఒక మాట. తెల్లవారుజామున నాలుగింటికి లేచేవారే భక్తిపరులన్న భావం మనలో గట్టిగా ఉంది. మార్కు 1:35లో యేసు పెందలకడనే లేచి వెళ్ళి ప్రార్థించిన మాట నిజమే. అయితే ఆదికాండము 24:63లో ఇస్సాకు ధ్యానించడానికి పొలానికి వెళ్ళింది సాయంకాలం. 63వ కీర్తన రాసినవాడు మంచం మీద, రాత్రి జాముల్లో ధ్యానించాడు. రాత్రి డ్యూటీ చేసి వచ్చే నర్సుకూ, పిల్లలు బడికి వెళ్ళాక గాని ఊపిరి తీసుకోలేని తల్లికీ వాళ్ళ వేళ వాళ్ళకు ఉంటుంది. రోజుకు ఇరవై అయిదు నిమిషాలు, ఒకే చోట, ఒకే వేళ. అంతే చాలు.

మొదటి మెట్టు: ఒక పుస్తకం ఎంచుకోండి

కళ్ళు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెట్టిన చోట చదవడం మానేయండి. అది కార్డు తీయడానికి అన్నయ్య లాంటిది.

ఏడాదిలో బైబిలంతా చదవడం మంచి అలవాటే. 1189 అధ్యాయాలు, రోజుకు మూడు పైచిలుకు పడతాయి. స్కాట్లండు పాస్టరు రాబర్ట్ మర్రే మెక్‌షేన్ 1842లో తన సంఘానికి రాసి ఇచ్చిన పట్టిక ప్రకారం ఇప్పటికీ ఎందరో చదువుతున్నారు. అయితే రైల్లో గోదావరి వంతెన దాటడం వేరు, రేవులో దిగి స్నానం చేయడం వేరు. వంతెన మీంచి నది ఎంత పెద్దదో తెలుస్తుంది గాని ఒళ్ళు తడవదు. ధ్యానానికి రేవులో దిగాలి.

కొత్తవారికి నేను చెప్పేది ఫిలిప్పీయులకు రాసిన పత్రిక. నాలుగే అధ్యాయాలు, 104 వచనాలు. కథలు ఇష్టమైతే రూతు, అదీ నాలుగు అధ్యాయాలే. యేసు ఎవరో దగ్గరగా చూడాలంటే మార్కు సువార్త, 16 అధ్యాయాలు. బాగా అలసిపోయి ఉన్నవారికి యాత్ర కీర్తనలు, 120 నుంచి 134 దాకా పదిహేను చిన్న కీర్తనలు. ప్రకటన గ్రంథంతో మాత్రం మొదలుపెట్టకండి. అది అడుగడుగునా పాత నిబంధన మాటల్ని ప్రతిధ్వనిస్తుంది. అసలు ధ్వని వినకుండా ప్రతిధ్వని వింటే భయమే మిగులుతుంది.

రెండో మెట్టు: ఒకే కూర్చోడంలో, పైకి చదవండి

మొదటి రోజు నోట్సు వద్దు, గీతలు వద్దు. పుస్తకాన్ని మొదటినుంచి చివరిదాకా పైకి చదవండి. ఫిలిప్పీ పత్రికకు సుమారు ఇరవై నిమిషాలు పడుతుంది. మార్కు లాంటి పెద్ద పుస్తకమైతే రెండు మూడు రోజులకు పంచుకోండి.

పైకి ఎందుకంటే ఆ మాటలు పుట్టిందే చెవి కోసం. పౌలు తన పత్రికను సహోదరులందరికీ చదివి వినిపించాలని థెస్సలొనీకయులకు ఆనబెట్టి మరీ చెప్పాడు (1 థెస్స. 5:27). అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయ మంత్రి రథంలో కూర్చుని యెషయా గ్రంథం చదువుకుంటుంటే ఫిలిప్పు పరుగెత్తి వెళ్ళి విన్నాడు. ఒంటరిగా ఉన్నా అతను పైకే చదువుతున్నాడన్నమాట.

అధ్యాయాల హద్దులు పట్టించుకోకండి. అధ్యాయాలు 13వ శతాబ్దంలో స్టీఫెన్ లాంగ్టన్ విభజన నుంచి వచ్చాయి. కొత్త నిబంధనలో వచనాల అంకెలు 1551లో రొబేర్ ఎస్తియెన్ అనే ముద్రాపకుడు వేశాడు. రాసినవారికి ఇవేవీ తెలియవు. ఆ ఐతియొపీయుడు చదివిన భాగాన్నే తీసుకోండి. మనం 'యెషయా 53' అంటాం గాని ఆ పాట 52:13లో మొదలవుతుంది. 53:1 నుంచి చదివితే, సేవకుడు హెచ్చింపబడతాడన్న మొదటి మాట వినకుండానే అతని శ్రమల్లోకి దిగుతాం.

మూడో మెట్టు: అధ్యయనం. ఎవరు, ఎవరికి, ఎప్పుడు

ఇక్కడ ఆగి కొంచెం ఎక్కువ పని చేద్దాం. మా వంటింటి కార్డునే తీసుకుందాం.

నోటు పుస్తకంలో పేజీని నిలువుగా రెండు చేయండి. ఎడమవైపు వాక్యంలో ఉన్నది, కుడివైపు మీ ప్రశ్న. యిర్మీయా 29ని మొదటి వచనం నుంచి చదవండి. ఎడమవైపు వచ్చేవి ఇవి. ఇది ఒక ఉత్తరం. యిర్మీయా యెరూషలేములో ఉండి రాశాడు. అందుకునేవారు బబులోనులో చెరలో ఉన్నవారు. యెకొన్యా రాజును పట్టుకుపోయిన తరువాత రాశాడు, అంటే క్రీస్తుపూర్వం 597 తరువాత. కార్డు మీద ఉన్న 'మీకు' చెరలో ఉన్న ఒక సమాజమంతా.

ఇప్పుడు ఒక అధ్యాయం వెనక్కి వెళ్ళండి. ఇది ఎప్పుడూ చేయాల్సిన పని. 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త లేచి, రెండు సంవత్సరాలలోగా అందరూ తిరిగి వచ్చేస్తారని ప్రకటిస్తాడు. బబులోను రాజుకు లోబడాలన్న గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని తీసి విరుస్తాడు కూడా. జనానికి కావలసిన మాట అదే. ఆ ఏడాదే హనన్యా చనిపోతాడు. 29వ అధ్యాయంలో యిర్మీయా ఉత్తరం ఏమంటుంది? ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్ళిళ్ళు చేసుకోండి. డెబ్బది సంవత్సరాలు గడిచాకనే రప్పిస్తాను. కార్డు మీద ఉన్న 11వ వచనానికి సరిగ్గా ముందున్నది ఈ డెబ్బది సంవత్సరాల మాట.

ముప్పై ఏళ్ళవాడు ఆ ఉత్తరం విన్నాడనుకోండి. తాను తిరిగి వెళ్ళడని అతనికి ఆ క్షణమే అర్థమై ఉంటుంది. వాగ్దానం నెరవేరేది అతని మనవల కాలంలో. అయినా తోట నాటమంటున్నాడు దేవుడు. ఇది తెలిశాక గోడ మీది కార్డు నాకు మునుపటిలా కనబడలేదు. ఈ ఏడాదే ఉద్యోగం వస్తుంది, ఇల్లు పూర్తవుతుంది అని నేను దాన్ని హనన్యా గొంతుతో చదువుకుంటూ వచ్చాను.

తరువాత మాటల్ని పట్టుకోండి. ఇక్కడే తెలుగు చదువరికి ఒక చిక్కుంది. బైబిలు తెలుగులో కొన్ని మాటలు బయటి తెలుగులో ఉన్న అర్థంతో ఉండవు. మామూలుగా 'నిరీక్షణ' అంటే ఎదురుచూడడం, బైబిలులో అది ఆశ. 'సమాధానం' అంటే మనకు జవాబు, బైబిలులో శాంతి. 'రక్షణ' పోలీసు శాఖ ఇచ్చేది కాదు. 'నీతి' కథ చివర చెప్పేది కాదు. 'శోధన' పరిశోధన కాదు. చిన్నప్పటినుంచి విని ఉండడం వల్ల ఇవి తెలుసనుకుంటాం. నోటు పుస్తకం చివరి నాలుగు పేజీలు ఇలాంటి మాటలకు కేటాయించి, ప్రతిదానికీ మీ ఇంటి తెలుగులో ఒక అర్థం రాసుకోండి. రాయడం మొదలుపెడితే ఎన్నిటికి తడబడతామో తెలుస్తుంది.

11వ వచనంలో 'సమాధానకరమైన' అన్నచోట హీబ్రూలో ఉన్న మాట షాలోమ్. 7వ వచనంలో, మిమ్మల్ని చెరగా తీసుకుపోయిన పట్టణపు "క్షేమము" కోరి ప్రార్థించండి, దాని క్షేమమే మీ క్షేమానికి కారణం అంటాడు. అక్కడ 'క్షేమము' అన్న ప్రతిచోటా హీబ్రూలో షాలోమే. అనువాదంలో రెండు మాటలైపోయినందువల్ల మన కంటికి లంకె తెగిపోయింది. కలిపి చదివితే, దేవుడు ఉద్దేశించిన షాలోమ్ వాళ్ళు ద్వేషించే ఊరి షాలోముతో ముడిపడి ఉంది. మా సంఘం నుంచి కువైట్ వెళ్ళి ఇంటిపని చేస్తున్న ఒక సోదరికి ఫోనులో ఈ భాగం చదివి వినిపించాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "నేను ఇన్నాళ్ళూ ఈ ఊరి నుంచి బయటపడాలనే ప్రార్థించాను గాని ఈ ఊరి కోసం ఎప్పుడూ ప్రార్థించలేదన్నా" అంది.

హీబ్రూ, గ్రీకు మాటలతో ఒక జాగ్రత్త. నిరీక్షణకు హీబ్రూ మాట తిక్వా. అదే మాట యెహోషువ 2లో రాహాబు కిటికీకి కట్టిన ఎర్ర దారానికీ వస్తుంది. వినడానికి ఎంత బాగుందో! కాని దీని మీద ఒక ప్రసంగమే కట్టేయకండి. ఒక మాటకు రెండు అర్థాలున్నంత మాత్రాన వాడిన ప్రతిచోటా రెండూ ఉండవు. 'పాలు' అన్నప్పుడల్లా మనం వాటాల గురించి మాట్లాడుతున్నామా?

నాలుగో మెట్టు: వ్యాఖ్యానం తరువాతే

వ్యాఖ్యాన గ్రంథాలు, యూట్యూబు ప్రసంగాలు, పాస్టరు గారి వివరణ అన్నీ అవసరమే. "ఎవడైనను నాకు త్రోవ చూపకుంటే ఏలాగు గ్రహింపగలను" అని ఆ మంత్రి అడగలేదా? అయితే మీ కుడివైపు గడిలో కనీసం అయిదు ప్రశ్నలు రాశాకే వాటి దగ్గరికి వెళ్ళండి. ప్రశ్న లేకుండా వెళితే ఏ జవాబైనా గొప్పగానే ఉంటుంది. బెరయ పట్టణపు యూదులు సాక్షాత్తు పౌలు చెప్పినదాన్నే లేఖనాలతో సరిచూశారు. అందుకు వారిని ఘనులన్నారే గాని అవిధేయులనలేదు (అపొ. 17:11). మైకు పట్టుకున్న ప్రతివారి మాటనూ మనం సరిచూడవచ్చు, నా మాటతో సహా.

అయిదో మెట్టు: ధ్యానం

ధ్యానం అనగానే పద్మాసనం, మూసిన కళ్ళు, ఖాళీ అయిన మనసు గుర్తొస్తాయి. ఆ సంప్రదాయాలకు వాటి దారి ఉంది. బైబిలు చెప్పే ధ్యానం మరో రకం, అది నోటితో మొదలవుతుంది. 1వ కీర్తనలో "దివారాత్రము దానిని ధ్యానించువాడు" అన్నచోట హీబ్రూ క్రియ 'హాగా'. గొణగడం, సన్నగా ఉచ్చరించడం దాని అర్థం. యెషయా 31:4లో వేటను పట్టుకున్న సింహం చేసే గుర్రుమనే శబ్దానికీ, 38:14లో గువ్వ మూలుగుకూ ఇదే క్రియ. 2వ కీర్తన మొదట్లో జనములు వ్యర్థమైనదాన్ని తలంచడానికి కూడా ఇదే. అంటే పక్కపక్కనే ఉన్న రెండు కీర్తనల్లో ఒకడు వాక్యాన్ని గొణుక్కుంటున్నాడు, ఇంకొకరు కుట్రను గొణుక్కుంటున్నారు.

మనకు దీనికి చక్కని తెలుగు మాట ఉంది, నెమరు. గేదె పొద్దున మేసినదాన్ని మధ్యాహ్నం నీడలో పడుకుని మళ్ళీ నోటికి తెచ్చుకుంటుంది. 12వ శతాబ్దపు సన్యాసి రెండవ గీగో కూడా ఇలాంటి పోలికే చెప్పాడు. చదవడం ముద్ద నోట్లో పెట్టుకోవడం, ధ్యానం నమలడం, ప్రార్థన రుచి తీయడం, ఆ పైన నాలుగోది, దేవుని సన్నిధిలో ఊరకే నిలిచిపోవడం, ఆ రుచే అన్నాడు.

ఎలా చేయాలో 131వ కీర్తనతో చూపిస్తాను. మూడే వచనాలు. ఒక వారం మొత్తం దానితో ఉండండి.

మొదటి రోజు మూడుసార్లు పైకి చదవండి, ఒక్కోసారికి మధ్య రెండు నిమిషాలు ఊరకే ఉండండి. మూడోసారి ఏ మాట కాలికి రాయిలా తగులుతుందో చూసుకోండి. నాకు తగిలింది "నాకు అందనివాటియందైనను". రాసుకున్నాను, ఇంకేమీ చేయలేదు.

రెండో రోజు ఆ మాట చుట్టూ ప్రశ్నలు వేయండి. నాకు అందనివి ఏమిటి? రాసుకుంటూ పోతే జాబితా పెరిగింది. దూరాన ఉన్న కొడుకు మనసులో ఏముందో అందదు. మా అమ్మ ఇంకా ఎన్నాళ్ళుంటుందో అందదు. ఇవన్నీ నా చేతిలో ఉన్నట్టే రోజంతా లెక్కలు వేస్తున్నాను. కీర్తనకారుడు వాటిని లేవనలేదు. "అభ్యాసము చేయుట లేదు" అన్నాడు, వాటి మీద కసరత్తు మానుకున్నాడట.

మూడో రోజు బొమ్మను చూడండి. "చనుపాలు విడిచిన పిల్ల తన తల్లియొద్దనున్నట్లు". పాలు తాగే పిల్ల అని ఎందుకనలేదు? ఈ ప్రశ్నతో రోజంతా తిరగండి. బస్సులో, వంట దగ్గర, స్నానం చేస్తూ. పాలు తాగే పిల్ల ఒడిలో చేరితే వెతుక్కుంటుంది, పాల కోసం. పాలు మానిన పిల్ల ఊరకే కూర్చుంటుంది, తల్లి కోసం. నేను దేవుని దగ్గరికి వెళ్ళినప్పుడు ఏ పిల్లలా ఉంటున్నాను? నాకు దొరికింది ఇంతవరకే. మిగిలింది తరువాత ఇంకొకరి నోట విన్నాను, అది చివర చెబుతాను.

ఆ తరువాత రోజుల్లో కొత్తగా ఏమీ వెతకకండి. ఆవకాయను మూడో నాడు తిరగకలిపినట్టు, కీర్తనను రోజూ ఒకసారి కలిపి వదిలేయండి. ఊరడం మన చేతిలో లేదు.

మనసు పరుగెత్తుతుంది. గ్యాస్ బుక్ చేయాలని గుర్తొస్తే దాన్ని తిట్టుకోకుండా పక్కన చీటీ మీద రాసి మళ్ళీ వాక్యానికి రండి. ఒక్కోసారి ఒకే మాట దగ్గర ఆగిపోవాల్సి వస్తుంది, అలా ఆగినందుకు కంగారు వద్దు. సిక్కు కుటుంబంలో పుట్టిన భక్తసింగ్ గారు కెనడాలో చదువుకుంటూ 1929లో కొత్త నిబంధన చేతికి తీసుకున్నారు. యోహాను 3వ అధ్యాయంలో "నిశ్చయముగా" అని యేసు నొక్కి చెప్పిన మాట దగ్గర తన అడుగు ఆగిపోయిందని సాక్ష్యం చెప్పేవారు. తరువాత ఆయనే హైదరాబాదులో హెబ్రోను అనే సంఘాన్ని స్థాపించారు. అధ్యాయం పూర్తిచేయాలని ఆ మాటను దాటి వెళ్ళిపోయి ఉంటే?

ఆరో మెట్టు: అది ప్రార్థనగా మారాలి

మనలో చాలామంది ముందు ప్రార్థన, తరువాత వాక్యం అన్న వరుసలో చేస్తాం. ఇంగ్లండులోని బ్రిస్టలులో అనాథాశ్రమాలు నడిపిన జార్జ్ ముల్లర్ కూడా పదేళ్ళకు పైగా అలాగే చేశారు. మోకాళ్ళ మీద ఉన్నా అరగంట దాకా మనసు తిరుగుతూనే ఉండేదట. 1841లో వరుస మార్చారు. ముందు వాక్యం ధ్యానించడం, అందులోనుంచి ప్రార్థన లేవడం. ఈ ముల్లర్ గారి బావమరిది ఆంథనీ నోరిస్ గ్రోవ్స్ పిలిచి తీసుకొచ్చినవారే 1836లో మన దేశానికి వచ్చి గోదావరి డెల్టాలో పనిచేసిన బౌడెన్, బియర్ మిషనరీలు. నర్సాపురం ప్రాంతంలో ఇప్పటికీ ఆ సంఘాలున్నాయి కాబట్టి ఆయన మనకు మరీ పరాయివాడేమీ కాదు.

చేయడం తేలిక. చదివిన వచనాన్ని 'నేను', 'నీవు' పెట్టి తిరిగి దేవునితోనే చెప్పండి. "ప్రభువా, నాకు అందనివాటిలో తలదూరుస్తున్నాను. ఫలానా సంగతి." పేరు పెట్టి చెప్పండి. సంఘంలో చేసే ప్రార్థనల భాష, ఆ పెద్ద పెద్ద సమాసాలు ఇక్కడ అక్కర్లేదు. చెప్పడానికి ఏమీ లేకపోతే, లేదని చెప్పి లేవండి.

ఏడో మెట్టు: సాయంత్రానికి ఒక చిన్న పని

యాకోబు పత్రిక మొదటి అధ్యాయంలో అద్దంలో ముఖం చూసుకుని వెళ్ళి తానెలా ఉన్నాడో వెంటనే మరిచిపోయేవాడు ఒకడున్నాడు. మరిచిపోకుండా ఉండాలంటే రోజుకు ఒకటే పని రాసుకోండి. ఈ రోజే చేయగలిగేది, చేశామో లేదో ఇంకొకరికి కనబడేది అయి ఉండాలి. 'ఇంకా ప్రేమగా ఉండాలి' అని రాస్తే సాయంత్రానికి ఏమీ ఉండదు. 131వ కీర్తన చదివిన వారం నేను రాసుకున్నది, కొడుకుకు రోజుకు మూడుసార్లు ఫోను చేయడం మానేసి ఒకసారి చేయడం, అప్పుడూ ఉద్యోగం సంగతి ఎత్తకపోవడం. రెండు రోజులు చేశాను, మూడో రోజు ఎత్తాను. అదీ నోటు పుస్తకంలో ఉంది.

ఎదుగుదలను ఎన్ని అధ్యాయాలు చదివామన్న లెక్కతో కొలవకండి. కోపం వచ్చాక చల్లబడడానికి నిరుడు ఎన్ని రోజులు పట్టేది, ఇప్పుడెన్ని? ఇది ఇంట్లోవారిని అడిగితేనే సరైన జవాబు వస్తుంది. అడగడానికి ధైర్యం కావాలి.

కంఠత

సండే స్కూలులో బంగారు వాక్యం అప్పగించి బహుమతి తెచ్చుకున్న పిల్లలమే మనమంతా. పెద్దయ్యాక ఎందుకు మానేశామో తెలియదు. 119వ కీర్తన కంఠతకు వీలుగానే కట్టినట్టుంటుంది. 22 హీబ్రూ అక్షరాలు, ఒక్కో అక్షరానికి ఎనిమిదేసి వచనాలు, మొత్తం 176. ఒక భాగంలో ఎనిమిది వచనాలూ ఒకే అక్షరంతో మొదలవుతాయి. మన శతకాల మకుటం పద్యం చివర ఉండి జ్ఞాపకం ఉంచితే, ఇది మొదట ఉండి ఉంచుతుంది.

వారానికి ఒక్క వచనం చాలు. చేత్తో రాసి, పైకి చెప్పి, పడుకునే ముందు ఒకసారి, లేవగానే ఒకసారి. ఆసుపత్రి వరండాలో బైబిలు తెరిచే ఓపిక ఉండని రాత్రి ఒకటి ఎవరికైనా వస్తుంది. ఆ రాత్రికి నోట్లో ఉన్నదే ఉంటుంది.

ఎండిన రోజులు, మింగుడుపడని వచనాలు

కొన్ని వారాలు ఏమీ అనిపించదు. వాక్యం ఇసుకలా ఉంటుంది. ఆ రోజుల్లో సమయం తగ్గించండి, పూర్తిగా మానకండి. పది నిమిషాలు, ఒక కీర్తన. 88వ కీర్తన చీకటి మాటతోనే ముగుస్తుంది, వెలుగులోకి రానేరాదు. అలాంటి ప్రార్థన కూడా పరిశుద్ధ గ్రంథంలో చోటు సంపాదించిందంటే మీ ఎండిన ఉదయానికీ చోటుంటుంది.

శత్రువుల పసిపిల్లల్ని బండకు కొట్టేవాడు ధన్యుడనే 137వ కీర్తన చివరి వచనం లాంటివి చదివి ఉలిక్కిపడితే, ఉలిక్కిపడినట్టే రాసుకోండి. అందంగా సర్దిచెప్పే తొందర వద్దు. కొన్ని ప్రశ్నలు నా దగ్గర ఏళ్ళ తరబడి కుడివైపు గడిలోనే ఉన్నాయి.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. నిద్ర పట్టక, తిండి సహించక, బతకాలని లేక ఉన్నవారికి 'ఇంకా ఎక్కువ వాక్యం చదువు' అని చెప్పకండి. 1 రాజులు 19లో ఏలీయా బదరీవృక్షం కింద పడుకుని చావు కోరుకున్నాడు. దేవదూత అతనికి అప్పం, నీళ్ళు ఇచ్చి పడుకోనిచ్చాడు, మళ్ళీ లేపి మళ్ళీ తినిపించాడు. హోరేబులో మిక్కిలి నిమ్మళమైన స్వరం వినిపించింది ఆ తరువాతే. వైద్యుని దగ్గరికి వెళ్ళడం, మందులు వేసుకోవడం అవిశ్వాసం కాదు.

ఒంటరిగా మొదలుపెట్టి, నలుగురిలో ముగించండి

వారంలో ఒకరోజు ఇద్దరు ముగ్గురితో కూర్చోండి. ప్రసంగం వద్దు. అదే భాగాన్ని ఒకరు పైకి చదవాలి, తరువాత ఒక్కొక్కరూ తమకు తగిలిన మాట, రాసుకున్న ప్రశ్న చెప్పాలి. ఒకరు చెప్పేటప్పుడు ఇంకొకరు సరిదిద్దకూడదు. ఇది పాటించడం మగవాళ్ళకు కష్టమని నా అనుభవం. చదువు రానివారిని తప్పకుండా కూర్చోబెట్టుకోండి, చదివి వినిపిస్తే చాలు.

మా తరగతిలో 131వ కీర్తన వారం వచ్చినప్పుడు, నేను పాలు తాగే పిల్లకూ మానిన పిల్లకూ ఉన్న తేడా గురించి నాకు దొరికింది చెప్పాను. చదువు రాని ఒక పెద్దావిడ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అయిదుగురు పిల్లల తల్లి. నేను ముగించాక, "అయ్యా, పాలు ఊరికే మానరు" అంది. "వేపాకు నూరి రాస్తాం. చేదు తగిలి పిల్ల గుక్కపెట్టి ఏడుస్తుంది. అమ్మ ఇలా ఎందుకు చేసిందో దానికి తెలియదు. రెండు మూడు రాత్రులు నా దగ్గరికి రానని మొండికేస్తుంది. ఆ రాత్రులు మాకూ నిద్ర ఉండదు, రొమ్ములు సలుపుతూ ఉంటాయి. అప్పుడు ఒకరోజు దానంతట అదే వచ్చి ఒళ్ళో కూర్చుంటుంది."

కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. నేను నోటు పుస్తకం తెరిచి, కుడివైపు గడిలో ఆవిడ చెప్పినదంతా రాసుకుని తేదీ వేశాను.